దూసరాకు జున్ను

మొన్న రైలు కట్ట పక్కన నా మనవరాలి చెయ్యి మీద ఛెళ్ళున ఒకటి కొట్టాను. ఏడేళ్ళ పిల్ల. అది పుట్టాక దాని మీద చెయ్యి చేసుకోవడం అదే మొదలు. పాపం, అదేం చేసిందని? కట్ట వాలులో కంకర మధ్య అల్లుకున్న ఒక తీగ కనపడితే ఆకు దూసి నలిపింది, అంతే. నలిపి, "అమ్మమ్మా, నా చెయ్యి చూడు, ఇలా జిగురు జిగురుగా అయిపోయిందేంటి?" అని నా ముక్కు దగ్గర పెట్టింది. ఆ పచ్చి వాసన తగిలేసరికి నాకు ఒళ్ళు తెలియలేదు.

ఆ తీగ మా డెల్టాది కాదు. రైలు కట్ట వెయ్యడానికి మెట్ట నుంచి ఎర్రమట్టి, కంకర తోలారు కదా, ఆ మట్టితో విత్తు వచ్చి ఉంటుంది. దూసరతీగ అంటారు దాన్ని. చినుకు సరిగ్గా పడని చోట, కంచెల మీదా తుమ్మల మీదా అల్లుకుంటుంది. నూగు నూగుగా చిన్న ఆకు. పువ్వు ఎంతుంటుందనుకున్నారు, ఆవగింజంత, అదీ లేతాకు రంగులో. చూపించి ఇది పువ్వు అంటే తప్ప పువ్వని తెలియదు. పండు మాత్రం నల్లగా, నిగనిగలాడుతూ ఉంటుంది. నేను దాన్ని చూసి నలభై ఏళ్ళు దాటిపోయింది. ఈ జన్మకి మళ్ళీ కంటపడదులే అనుకున్నాను.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తూండగా మా ఊళ్ళోకి కాలవ వచ్చింది. ఇప్పటివాళ్ళకి కాలవంటే ఎప్పుడూ ఉన్నదే. మాకు అలా కాదు. ఎక్కడో ఆనకట్ట కట్టారట, గోదారిని ఆపి ఊరూరా పంచుతారట అని చెప్పుకుంటుంటే మా నాయనమ్మ అరుగు మీద కూర్చుని నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట అడ్డపొగ పీలుస్తూ నవ్వేది. "గోదారమ్మ మెడకి పలుపుతాడు వేస్తారంటనా? వెయ్యమను చూద్దాం. ఆవిడ ఊరుకునే మనిషా?" అనేది. తీరా నీళ్ళు వచ్చిన రోజు అందరికంటే ముందు కొబ్బరికాయ పట్టుకుని గట్టెక్కింది ఈవిడే. ఎర్రటి నురగతో, చితుకులూ ఎండుటాకులూ తోసుకుంటూ, నీళ్ళు తవ్విన కాలవలో మెల్లిగా నడిచి వచ్చాయి. ఆ తడిసిన కొత్తమట్టి వాసన ఊరంతా రెండు రోజులు పోలేదు. మా నాయనమ్మ నోట్లో చుట్ట ఆరిపోయినా చూసుకోలేదు.

ఆ కాలవ తవ్వింది మా ఊరివాళ్ళు కాదు. సామర్లకోట దాటి, ఇంకా ఎగువన, వానల్లేక నేల మాడిపోయిన ఊళ్ళ నుంచి కుటుంబాలకి కుటుంబాలే తట్టా పారా పట్టుకుని దిగాయి. మట్టి పని అయ్యాక చాలామంది వెళ్ళిపోయారు. గట్లు కోతపడకుండా చూసుకోవడానికి కొద్దిమంది ఉండిపోయారు. వాళ్ళలో ఒకామె ఒంటరిది. మొగుడు గట్టు విరిగిపడి మట్టి కింద పోయాడు. ఆవిడ ఆ గట్టు మీదే తాటాకు పాక వేసుకుని ఉండేది. ఆవిడకో పేరు ఉండే ఉంటుంది. మా ఊళ్ళో ఎవరూ అడగలేదు. మెట్టామె అన్నారు, అదే పేరైపోయింది. నేను మాత్రం అడిగానా?

మెట్టామె మా ఇంటికి వడ్లు దంచడానికి వచ్చేది. నాయనమ్మ పొద్దున్నే ఆకులో చద్దన్నం, ముంతలో పులిసిన తరవాణి నీళ్ళు పోసి అరుగు కింద పెట్టించేది. "మా వైపు జొన్నంబలే గతి మామ్మగారూ, ఇక్కడ కూలివాళ్ళు కూడా వరన్నం తింటన్నారు" అని మురిసిపోయేది. తిన్నాక మాత్రం గడప వైపు ఓసారి చూసి, "ఏం తిన్నా దాహం తీరదండీ ఈ ఊళ్ళో. చుట్టూ నీళ్ళే గానీ ఒంటికి చలవ లేదు" అనేది. నాయనమ్మకి అది నచ్చేది కాదు. "చూశావటే పొగరు! గోదారి నీళ్ళు తాగుతూ గోదారికి వంక పెడుతోంది" అనేది నాతో.

ఆ ఏడు మా అమ్మ పురిటికి పుట్టింటికి వెళ్ళింది. నాన్న రామచంద్రపురం వైపు బళ్ళు తోలుకుని పోతే పది రోజులకి గానీ వచ్చేవాడు కాదు. ఇంట్లో నేనూ నాయనమ్మా. నాయనమ్మ కళ్ళు గద్ద కళ్ళు, అయినా మధ్యాహ్నం కునుకు తియ్యక మానదు కదా. ఆవిడ గురక మొదలైందంటే నేను కాలవ గట్టు మీద ఉండేదాన్ని.

పాక వెనకాల మెట్టామె మోకాలెత్తున ఒక దిబ్బ పోసింది. ఎక్కడెక్కడో ఏరుకొచ్చిన గులకరాళ్ళు, ఎర్రమట్టి, ఇటిక ముక్కలు. ఆ దిబ్బ మీద ఈ తీగ. బయల్దేరేటప్పుడు వాళ్ళమ్మ ఇంటి కంచెలోంచి వేరు తవ్వి, తడిగుడ్డలో చుట్టి, తట్టలో పెట్టుకుని మోసుకొచ్చిందట.

"ఇంత పచ్చటి ఊళ్ళోకి ఈ పిచ్చితీగ ఎందుకు తెచ్చావు?" అన్నాను.

"మీ నల్లమట్టి దీనికి పడదు అమ్మాయిగారూ. ఎప్పుడూ తడే, వేరు కుళ్ళిపోద్ది. దీనికి ఎండాలి, మాడాలి. అప్పుడే బతుకుద్ది" అంది, నేనడిగింది వదిలేసి. కాసేపాగి, "మా ఊరు గుర్తుకొస్తదని తెచ్చుకున్నానండీ" అంది.

ఆ తీగతో ఆవిడ చెయ్యని పని లేదు. ఎండిన తీగ నానబెట్టి బుట్టలల్లేది. మోపులు కట్టేది. పండు పిండితే ఊదారంగు సిరా వచ్చేది. ఆ సిరాతో నేను ఓ రోజు మీసాలు దిద్దుకుని ఇంటికి వెళితే, అప్పుడే లేచిన నాయనమ్మ నన్ను చూసి కెవ్వుమంది. మూడు రోజులు సున్నిపిండి పెట్టి తోమినా ఆ మీసం పోలేదు. తోమినంతసేపూ తిట్లే. "మీసాలొచ్చిన పెళ్ళికూతురని చాటింపు వేయిస్తానుండు" అని వీపు మీద దరువు వేసింది.

ఇక ఆ ఎండాకాలం మధ్యాహ్నం సంగతి చెప్పాలి. మెట్టామె ఒక ముంతలో నీళ్ళు పోసి, దోసెడు దూసరాకు అందులో వేసి చేత్తో పిసికింది. నీళ్ళు పచ్చగా, బంక బంకగా అయ్యాయి. పైట చెంగులో వడగట్టి, తాటాకు ముక్క మూతవేసి నీడలో పెట్టింది. "కదపకండి. చూడకండి. ఈలోగా నాకు తీగ అందివ్వండి" అంది. కూర్చుని బుట్ట అడుగు అల్లుకున్నాం. అది అయ్యేసరికి మూత తీసి, ముంత పట్టుకుని నా ముందు బోర్లించింది.

నేను గభాల్న పావడా వెనక్కి లాక్కున్నాను, తడుస్తుందని. నీళ్ళు పడలేదు. ముంత బోర్లించి ఉంది, నీళ్ళు అందులోనే ఉన్నాయి! వేలుపెట్టి చూస్తే జున్నులా గడ్డకట్టింది. మెట్టామె నన్ను చూసి కడుపు పట్టుకుని నవ్వింది. తెల్లటి, వరసైన పళ్ళు ఆవిడవి. దాన్ని ముక్కలు కోసి, తాటిబెల్లం చిదిపి పైన చల్లి ఆకులో పెట్టి ఇచ్చింది. చప్పగా, పచ్చి వాసనగా, గొంతులోంచి జారుతుంటే లోపలంతా చల్లగా ఉంది.

"మా వైపు గొర్రెలు కాసేవాళ్ళు చేసుకుంటారండి. ఎండన పడి తిరిగినప్పుడు కడుపులో చలవ" అంది. ఆ తరవాత గొంతు తగ్గించి, "ఇంట్లో చెప్పకండేం. నా చేత్తో చేసింది మీరు తిన్నారని తెలిస్తే మామ్మగారు నన్ను గడప తొక్కనివ్వరు" అంది. ఒట్టు పెట్టాను. ఊళ్ళో మా ఇద్దరికే తెలిసిన విద్య అది. నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. నాలుగైదు సార్లు నా చేత కూడా చేయించింది. దూసరాకు జున్ను అని పేరు పెట్టాను నేనే.

మా ఇంటికి పడమటి పక్కిల్లు పిన్నిది, పడమటిల్లు అనేవాళ్ళం. మా నాన్నకి వరసకి తమ్ముడి భార్య. ముగ్గురు పిల్లలు పోయాక పుట్టిన నాలుగేళ్ళ కొడుకు ఆవిడకి. వాడు నా వెనకాల తోకలా తిరిగేవాడు. పిన్నికి కొడుకు ఒక ప్రాణమైతే ఇత్తడి బిందె రెండో ప్రాణం. కాలవ నీళ్ళు బురదగా వచ్చేవి కదా, బిందె లోపల ఇండుపగింజ అరగదీసి నీళ్ళు పోస్తే తెల్లారేసరికి బురదంతా అడుక్కి దిగి అద్దంలా తేరేవి. ఆ నీళ్ళు ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు.

ఓ రోజు నేను మామిడిపండు రసం కారుతున్న చేతులతోనే చెంబు ముంచాను. పిన్ని నా చెవి మెలేసి, నలుగురిలో రెండు చెంపలూ వాయించింది. "ఆ మెట్టదాని పాక చుట్టూ తిరుగుతుంటే ఇంకేం శుభ్రం వస్తుంది? వాళ్ళు నీళ్ళెరగని జాతి" అంది. దెబ్బలకంటే ఆ మాట మండింది నాకు. నీళ్ళెరగరా? మీ బిందెడు నీళ్ళనీ ఏం చేస్తానో చూడు, అనుకున్నాను. మనసులో పగ పెట్టుకుని సమయం కోసం చూశాను. నేను కొంచెం అలాంటిదాన్నే, ఇప్పటికీ.

తొలకరి పడింది. దిగువ ఊళ్ళలో గత్తర వచ్చిందని చెప్పుకుంటున్నారు. వాంతులూ విరేచనాలూ పట్టుకుని పొద్దున్న ఉన్న మనిషి సాయంత్రానికి ఉండటం లేదని. నేను ఆ మాట ఎత్తితే నాయనమ్మ నోరు నొక్కేది. "పేరు పెట్టి పిలవకే, పిలిస్తే వస్తుంది" అనేది. పెద్దవాళ్ళ భయం నాకెక్కడ ఎక్కుతుంది? నా గొడవ నాది.

ఆ రోజు మధ్యాహ్నం మెట్టామె గట్టు పనికి పోయింది. నేను దిబ్బ మీంచి ఒళ్ళో పట్టినంత ఆకు దూసుకొచ్చి, మా పెరట్లో బండ మీద నూరి, చిన్న కుండలో నీళ్ళు కలిపి, గుడ్డలో పిండుకుని పట్టుకెళ్ళాను. పడమటిల్లు చడీచప్పుడూ లేదు. పడుకున్నారనుకున్నాను. నిజానికి లోపలి గదిలో ఆ పసివాడికి పొద్దున్నుంచీ వాంతులు. పిన్నీ బాబాయీ వాడి మీద వంగి కూర్చుని ఉన్నారు. తెలిస్తే ఆ గుమ్మం తొక్కేదాన్నా? వసారాలో బిందెలో సగం నీళ్ళున్నాయి. కుండ వంచేసి, చెయ్యి పెట్టి కలిపి, మూత పెట్టి వచ్చేశాను. నవ్వాపుకోలేక గడ్డివాము వెనక దూరి నోట్లో పావడా కుక్కుకున్నాను. పిల్లికి చెలగాటం, ఎలకకి ప్రాణసంకటం అంటారు చూడండి, ఆ పిల్లిని నేనే.

కాసేపటికి పడమటింట్లోంచి ఒక కేక వినపడింది. అలాంటి కేక నేను అంతకుముందు విన్లేదు. పిల్లాడు దాహం దాహం అంటుంటే పిన్ని చెంబు పట్టుకుని బిందె దగ్గరికి వచ్చింది. చెంబు ముంచితే మునగలేదు. వంగి చూస్తే పచ్చగా గడ్డకట్టి ఉన్నాయి నీళ్ళు.

ఊరంతా పరిగెత్తుకొచ్చింది. నేనూ వెళ్ళాను, అందరూ నవ్వుతారని. ఎవరూ నవ్వలేదు. లోపల పిల్లాడు మంచాన తోటకూర కాడలా వాలిపోయి ఉన్నాడు. కళ్ళు లోతుకి పోయాయి. ఎవరో ముసలమ్మ బిందెలోకి తొంగిచూసి గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"చిల్లంగి! చిల్లంగి పెట్టారమ్మా నీ బిడ్డకి!"

చిల్లంగి అంటే, గిట్టనివాళ్ళింట్లో ఏదో పెట్టి, మంత్రం జపించి, మనిషి ప్రాణం తీస్తారని మా వైపు నమ్మకం. నేను వేసిన పచ్చటి జున్ను వాళ్ళకి అలా కనపడింది. పాలేరు ఒకడు బిందెలోంచి నలిగిన ఆకు ముక్క తీసి, "ఇది గట్టు మీద మెట్టామె దిబ్బలో ఉందండీ, నేను చూశాను" అన్నాడు. అంతే. నలుగురు మగవాళ్ళు కర్రలు పట్టుకుని గట్టు వైపు నడిచారు.

నేను నాయనమ్మ చెంగు పట్టుకుని మా ధాన్యపు కొట్టులోకి లాక్కుపోయాను. "నాయనమ్మా, నేనే పోశాను. అది చిల్లంగి కాదు. తినేదే. నేను తిన్నాను కూడా" అన్నాను ఏడుస్తూ. నాయనమ్మ మొహం చూస్తుండగానే పాలిపోయింది. చుట్ట వాసన కొట్టే అరచెయ్యి నా నోటి మీద అదిమిపెట్టింది.

"ఇంకోసారి అన్నావంటే నాలిక కోస్తాను. చిల్లంగి పిల్ల అని పేరు పడిందా, నిన్ను ఏ గుమ్మంలోనూ అడుగు పెట్టనివ్వరు. ఎవడు చేసుకుంటాడే నిన్ను? మీ నాన్న ఊళ్ళో తలెత్తుకు తిరుగుతాడా?"

"మరి మెట్టామె?"

"ఆవిడకేంటి? ఇవాళ ఇక్కడ, రేపు ఇంకో గట్టు మీద."

నన్ను ఇంట్లో వదిలితే ఎవరి దగ్గర వాగుతానో అని, మణికట్టు పట్టుకుని తనతోనే చావడికి తీసుకెళ్ళింది. ఆ పట్టు ఇప్పటికీ నా చేతికి తెలుస్తూనే ఉంటుంది.

మెట్టామెని మోకాళ్ళ దాకా బురదతో అలాగే తీసుకొచ్చారు. మొదట బెదిరిపోయింది. ఊరిపెద్ద ఆ బిందె ఆవిడ ముందు పెట్టించి, "ఏంటే ఇది?" అన్నాడు. వంగి చూసింది. చూసి, ఊపిరి వదిలి నవ్వేసింది. నిజంగా, ఆ మహాతల్లి నవ్వింది!

"ఇదేనాండీ? హడలగొట్టేశారు. ఇది దూసరాకండీ. చలవ మందు. మా వైపు పిల్లలు తింటారండీ" అని ఒక ముద్ద తీసి అందరి ముందూ నోట్లో వేసుకుంది.

జనం గుసగుసలాడారు. ఆవిడకి ధైర్యం వచ్చింది. "నమ్మకపోతే ఆకు తెప్పించండి, మీ కళ్ళ ముందే చేసి చూపిత్తాను" అంది. ఊరిపెద్ద సరే అన్నాడు. దిబ్బ మీంచి తీగ పెరుక్కొచ్చి పడేశారు. వేళ్ళతో సహా. దాన్ని చూసి మాత్రం ఆవిడ మొహం ఓసారి చిన్నబోయింది. ఏమీ అనకుండా ఆకు దూసి, చెంబు నీళ్ళలో పిసికి, వడగట్టి, మూతవేసి పక్కన పెట్టింది. ఓ ఘడియ సేపు ఊరు ఊరంతా ఆ చెంబు వైపే చూస్తూ కూర్చుంది. నాకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. హమ్మయ్య, ఇప్పుడు అందరికీ తెలిసిపోతుంది, నాలాగే నోరు తెరుస్తారు, నవ్వుతారు, బెల్లం తెమ్మంటారు అనుకున్నాను.

మెట్టామె మూత తీసింది. నాకు చూపించినట్టే, అదే నవ్వుతో, చెంబు బోర్లించింది.

నీళ్ళు పడలేదు. జనం ఒక్కసారిగా వెనక్కి జరిగారు. ఎవరో ఆడమనిషి తన పిల్లని చంకనేసుకుని పరిగెత్తింది. ఊరిపెద్ద లేచి నిలబడ్డాడు.

"చూశారుగా! మనందరి కళ్ళ ముందే కట్టింది నీళ్ళని. ఇంక సాక్ష్యం ఎందుకు?"

నేను నిర్ఘాంతపోయాను. ఆ మాట ఎక్కడి నుంచి ఊడిపడిందో నాకిప్పటికీ అర్థం కాదు. ఇండుపగింజతో బురద నీళ్ళు తేరితే ఒక్కడూ బెదరలేదే! వేపాకు పసుపుతో దద్దుర్లు మాడితే ఎవరూ మంత్రమనలేదే! ఇది ఆకు, అది గింజ. అంతేగా తేడా? కానీ అది మాకు తెలిసిన గింజ, ఇది మాకు తెలియని ఆకు.

మా బాబాయి ముందుకొచ్చి, "నా బిడ్డ నీకేం అపకారం చేశాడే?" అని ఏడ్చాడు. అప్పటికి గానీ మెట్టామెకి అర్థం కాలేదు. "బాబూ, నేను మీ గడప తొక్కలేదండీ. నేను పొయ్యలేదండీ" అంది.

"మరెవరు పోశారు? నువ్వు కాక ఈ విద్య ఈ ఊళ్ళో ఇంకెవరికి తెలుసు?" అన్నాడు ఊరిపెద్ద.

మెట్టామె తలెత్తింది. జనంలో వెతికి, నన్ను చూసింది. సూటిగా నా కళ్ళలోకి చూసింది. నాయనమ్మ గోళ్ళు నా మణికట్టులో దిగాయి. నేను నోరు తెరిచాను. తేలు కుట్టిన దొంగ నోరు అది, తెరిచినా మాటెక్కడ వస్తుంది?

"చెప్పవే!" అని గద్దించాడు ఊరిపెద్ద.

ఆవిడ నా మీంచి చూపు తిప్పకుండానే, "నాకు తెలవదండి" అంది.

చిల్లంగి చేసినవాళ్ళకి ముందుపళ్ళు ఊడబెరికితే ఇక మంత్రం నోట పలకదట. మంత్రం పలక్కపోతే పట్టిన పీడ వదులుతుందట. ఇది మా ఊరి న్యాయం, ఆ చుట్టుపక్కల అన్ని ఊళ్ళ న్యాయం. కొలిమి దగ్గర్నుంచి పట్టకారు తెచ్చారు. ఇద్దరు చేతులు పట్టుకున్నారు, ఒకడు తల పట్టుకున్నాడు. అదంతా పట్టపగలు, ఎండ కాస్తుండగా, నాకు పప్పన్నం పెట్టిన పెద్దమ్మలూ, నన్ను భుజాల మీద మోసిన మావయ్యలూ చూస్తుండగా జరిగింది. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు వద్దనలేదు. నాయనమ్మ నా మొహాన్ని తన కడుపుకి అదుముకుంది. చూడనివ్వలేదు గానీ చెవులు మూయలేదు. రెండు పళ్ళు.

మర్నాడు పిల్లాడు కళ్ళు తెరిచాడు. ఆ మర్నాడు గంజి తాగాడు. ఊరంతా ఒకటే మాట: "చూశారా? పళ్ళు ఊడాయి, పీడ వదిలింది!" పిన్ని ఇంటింటికీ బూరెలు పంచింది. మా ఇంటికీ తెచ్చి, నా బుగ్గ పుణికి, నా చేతిలో రెండు పెట్టింది. తిన్నాను. ఆ సంగతి కూడా చెప్పెయ్యాలి, తిన్నాను. ఆ పసివాడు పెద్దవాడై, పిల్లల్ని కని, నిన్నమొన్నటి దాకా నా ఎదురుగానే తిరిగాడు. "మెట్టదాని చిల్లంగి నుంచి బయటపడ్డ మొండి ఘటాన్ని నేను" అని గొప్పగా చెప్పుకునేవాడు.

మెట్టామె పాక మర్నాటికే ఖాళీ. ఎటు వెళ్ళిందో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. ఆ దిబ్బని పారలతో తవ్వి కాలవలో పోసేశారు. పెరికిన తీగని చావడి ముందే తగలబెట్టారు. పచ్చితీగ కదా, ఒక పట్టాన అంటుకోలేదు. పొగ వచ్చింది చాలాసేపు.

నాన్న బళ్ళతో తిరిగొచ్చాక సంగతంతా ఊరివాళ్ళ నోటే విన్నాడు. "ఎవరో దిక్కులేని మనిషిని..." అని సణిగాడు, కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. ఆయనకి చెబుదామని విస్తరి ముందు నిలబడ్డాను. వంటింట్లోంచి నాయనమ్మ దగ్గింది. మజ్జిగ కావాలా నాన్నా అని అడిగి ఊరుకున్నాను.

నాకు సంబంధం కుదిరిన రోజున నాయనమ్మ నన్ను దగ్గరికి పిలిచి, తల నిమిరి, "ఆ రోజు నా మాట విన్నావు కాబట్టే ఈ రోజు ఇది" అంది. అదొక్కసారే ఆవిడ ఆ ఊసెత్తింది. ఎంత ప్రేమగా అందో! నా ఒంట్లో రక్తం గడ్డకట్టింది. ఆ చేత్తోనే పెట్టిన ముద్దలు తిని పెరిగాను, ఆవిడ పోయినప్పుడు గుండెలు బాదుకుని ఏడ్చాను కూడా. మనిషిని ఎలా అసహ్యించుకోవాలో నాకు తెలియలేదు.

మెట్టామె నన్ను కాపాడింది, తన నోట్లోంచి నా పేరు రానివ్వలేదు, ఎంత దొడ్డ మనసు అని చాలా ఏళ్ళు అనుకున్నాను. అలా అనుకుంటే నాకు కొంచెం సుఖంగా ఉండేది. ఆవిడకి మనసులోనే దణ్ణం పెట్టుకుని నిద్రపోయేదాన్ని.

పెళ్ళయి, పిల్లలు పుట్టాక ఓ రోజు మా ఇంట్లో వెన్నకుండ పగిలింది. అంట్లు తోమే పిల్ల పగలగొట్టిందని మా అత్తగారు దాన్ని జుట్టు పట్టుకుని వంచింది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. నా కొడుకు స్తంభం చాటున నక్కి ఉన్నాడు, మూతికి వెన్న. నేనేమీ అనలేదు. వాడి వైపు చూశాను, అంతే. వాడే చెబుతాడు, నా బిడ్డ చెబుతాడు, ఇదిగో ఇప్పుడు చెబుతాడు అని, రెప్ప వెయ్యకుండా చూస్తూ నిలబడ్డాను. అలా చూస్తూ ఉండగా నాకు మెట్టామె చూపు గుర్తుకొచ్చింది. గుమ్మం పట్టుకున్నాను. ఆ చూపు ఇదే! ఆవిడ నన్ను కాపాడటానికి చూడలేదు. నేను చెబుతానని చూసింది. పట్టకారు దగ్గరికి వచ్చేదాకా, ఇదిగో ఇప్పుడు చెబుతుంది అమ్మాయిగారు అని, అలాగే చూస్తూ ఉంది.

నా కొడుకు చాటు నుంచి బయటికొచ్చాడు. వాళ్ళ నాయనమ్మ ముందు నిలబడి, "అది కాదు, నేనే పగలగొట్టాను" అన్నాడు.

వాడికి అప్పుడు ఆరేళ్ళు.